రాయి ఎటు పడుతుంది?

రూపనగుడి,
9 జూన్ 2024

గురుస్వామి సారుకు,

నేత్రావతి నమస్కారాలు. మీరు నన్ను మరిచిపోయి ఉండొచ్చు. మా ఊరి హైస్కూల్లో మీ దగ్గర చదువుకున్నాను. మీరు సైన్సు పాఠం కన్నడంలో చెప్పి, మా ముఖాలు చూసి, మళ్ళీ తెలుగులో చెప్పేవారు. ఒకసారి నీళ్ళ చెంబుకు తాడు కట్టి గిరగిరా తిప్పమని నన్నే లేపారు. ఒక్క చుక్క కింద పడలేదు. ఆ చెంబు తిప్పిన పిల్లను నేను.

ఫోన్ చేద్దామంటే మీకిప్పుడు చెవులు వినపడవని, కంప్లిలో మీ కూతురు అంబికక్క ఇంట్లో ఉన్నారని తెలిసింది. అక్క ఫోన్‌కు మెసేజ్ పెడితే ముందు ఆమె చదువుతుంది. ఇది మీరొక్కరే చదవాల్సిన సంగతి. అందుకే కాగితం మీద రాస్తున్నాను.

సారూ, మా ఆయన మౌనేశ్ పోయాడు. మార్చి పద్నాలుగున. తోరణగల్లులో వెల్డర్ పని. ఆ రోజు కంపెనీ బస్సు తప్పిపోయి బైకు మీద బయల్దేరాడు. బైపాస్ రోడ్డులో ముందు పోతున్న టిప్పర్ నుంచి టెంకాయంత ఇనుపరాయి ఒకటి జారిపడింది. టిప్పర్‌కు టార్పాలిన్ లేదు. రాయి ఆయన ఎదురు రొమ్ముకు తగిలింది. ఆస్పత్రికి చేరేలోపే అయిపోయింది. టిప్పర్ ఆగలేదు.

చూసింది ఒక్క మనిషి, చేనిలో ఉన్న వెంకటరామి మామ. బండి మా ఊరి ఉరుకుందప్పది. వెనక పేరు కూడా చదివాడు. స్టేషన్‌లో మామ చెప్పింది ఇది: “రాయి పడె సారూ. పడి ఆడనే నిలబడలా. లారీ ఎంబడే ముందుకు దుంకుతా పాయ. ఈ పిల్లోడు పోయి దానికి తగులుకొనె.”

ఎస్సై నవ్వాడు. “ఏనప్పా, రాయి లారీ ఎనక పరుగెత్తిందా, కుక్క మాదిరి?” అన్నాడు. పక్కనున్న వాళ్ళందరూ నవ్వారు. బండి నుంచి పడిన రాయి పడినచోటే ఉంటుంది, పాతిక మీటర్లు వెనక వస్తున్నవాడి రొమ్ముకు ఎలా తగులుతుంది అని ఆయన అడిగాడు. ఉరుకుందప్ప బయటికొచ్చి నాతోనే అన్నాడు, “రాయి ముందునుంచే రోడ్డు మీద ఉండాది. నీ మొగుడే తాగి దాని మీదికి ఎక్కిచ్చినాడు” అని. కేసులో అదే రాశారు. తనంతట తానే పడ్డాడని.

మౌనేశ్ తాగుడు ఎరగడు. వెల్డింగ్ వెలుతురుకు కళ్ళు ఎర్రగా ఉండేవి, అంతే.

నాకు ఏడుపు రావడం లేదు సారూ. ఏడుపు రావాల్సినచోట ఇంకేదో గడ్డకట్టింది. నాకు ఒక్క జవాబు కావాలి. పోతున్న బండి నుంచి పడిన వస్తువు ఎటు పోతుంది? వెనక్కా, కిందికా, ముందుకా?

మీ విద్యార్థిని,
నేత్రావతి


కంప్లి,
16 జూన్

అమ్మా నేత్రావతీ,

ఉత్తరం మొదట ఏమని రాయాలో తెలియక మూడు కాగితాలు చించాను. ఇన్నేళ్ళు పెళ్ళయిన ఆడపిల్లలకు రాసిన దీవెన మాట నీకు రాయలేను. అందుకే ఉట్టి పేరు రాశాను.

చెంబు తిప్పిన పిల్ల నాకు గుర్తుంది. తిప్పాక నువ్వు “ఇప్పుడు తాడు వదిలేస్తే సార్?” అని అడిగావు. క్లాసులో ఇంకెవరూ అడగలేదు.

వెంకటరామి చెప్పింది అక్షరాలా నిజం. ఆ రాయి టిప్పర్‌లో ఉన్నంతసేపు టిప్పర్ వేగమే దాని వేగం. కిందికి జారినంత మాత్రాన ఆ వేగం ఎక్కడికీ పోదు. పడుతూ కూడా బండితోపాటు ముందుకే పోతుంది. నువ్వు బస్సులో కూర్చొని నిమ్మకాయ జారవిడిస్తే అది నీ కాళ్ళ దగ్గరే పడుతుంది, వెనక సీటు వాడి ఒళ్ళో పడదు. బస్సు లోపలివాడికి నిటారుగా పడినట్టు కనిపిస్తుంది. రోడ్డు పక్కన నిలబడినవాడికి ముందుకు పోతూ పడినట్టు కనిపిస్తుంది. వెంకటరామి రోడ్డు పక్కనుంచి చూశాడు కాబట్టి సరిగ్గా చూశాడు.

అయినా పుస్తకం మాటే అనుకోవద్దని నిన్న ఒక పని చేశాను. అంబిక స్కూటర్ నడుపుతుంటే వెనక కూర్చొని, ముగ్గుతో గీత గీసినచోట తడిమట్టి ముద్ద వదిలాను. ప్రతిసారీ గీత దాటి ముందుకే పడింది. నాలుగోసారికి వీధిలో జనం చేరారు. ముసలాయనకు మతి పోయిందని ఒకావిడ అంబికతో అన్నదట. వినపడకపోవడంలో కొంచెం సుఖం ఉంది.

ఇక లెక్క. టిప్పర్ లోడు మూడు మీటర్ల ఎత్తు. అంత ఎత్తు నుంచి రాయి కింద పడడానికి ముప్పావు సెకను పడుతుంది. బండి గంటకు యాభై కిలోమీటర్లు పోతుంటే ఆ ముప్పావు సెకనులో రాయి పదకొండు మీటర్లు ముందుకు పోతుంది. నేలకు తగిలి ఎగురుతుంది, మళ్ళీ తగులుతుంది, తగిలిన ప్రతిసారీ వేగం తగ్గుతుంది. వెనక వచ్చేవాడి వేగం తగ్గదు. రాయి వెనక్కి రాలేదమ్మా, మౌనేశ్ దాన్ని చేరుకున్నాడు. బ్రేకు మీద కాలు పెట్టేంత వ్యవధి కూడా ఉండదు.

నువ్వు చేయగలిగితే ఒక పని చెయ్. రాయి కుదుపుకే జారి ఉంటుంది. అక్కడ గుంత ఉందేమో చూడు. గుంత దాటాక తారు మీద రాయి కొట్టిన గాట్లు ఉంటాయి. ఊరికే పడి ఉన్న రాయి అయితే గాట్లు ఉండవు. గుంత నుంచి మొదటి గాటుకు, మొదటిదాని నుంచి రెండోదానికి ఎంత దూరమో కొలిచి రాయి.

నీ దుఃఖంలో పాలు పంచుకునే,
గురుస్వామి


రూపనగుడి,
2 జూలై

గురుస్వామి సారుకు,

కొలిచాను. బట్టలు కొలిచే టేపు ముక్కలు కలిపి కుట్టుకొని పోయాను. మా అత్త కెంచమ్మ ఒక కొస పట్టుకుంది. లారీలు మా ఇద్దరి కొంగులూ ఎగరగొడుతూ పోయాయి. ఒక్కో బండి పోయినప్పుడు ఎర్రదుమ్ము నోట్లో పడింది. మా అత్త ఉమ్మేయలేదు, మింగింది. “వాని మట్టి వానికే తిరిగి పెడతా” అన్నది. ఆమెకు అరవై ఎనిమిదేళ్ళు.

గుంత ఉంది. గుంత నుంచి మొదటి గాటుకు పన్నెండు మీటర్లు. లోతుగా ఉంది, చిటికెన వేలు దూరింది. రెండో గాటు దానికి ముందు ఆరు మీటర్ల దూరంలో. మూడోది ఇంకో మూడు మీటర్లకు. దాని పక్కనే తారు మీద బైకు ఒరుసుకుపోయిన చార. మూడు గాట్లూ ఒకే వరుసలో, తోరణగల్లు వైపు. నేను ఆ మూడో గాటు దగ్గర కూర్చున్నాను. మా అత్త లేపేదాకా లేవలేదు.

ఇవన్నీ బొమ్మ గీసి, మీ లెక్క కింద రాసి ఎస్సై ముందు పెట్టాను. ఆయన ఒక్క నిమిషం చూశాడు సారూ. నిజంగానే చూశాడు. అప్పుడే ఉరుకుందప్ప లోపలికి వచ్చి కాగితం తీసుకొని తిరగేశాడు.

“ఎవరు రాసిచ్చినారమ్మా ఇది?”

“నేనే రాసుకున్యా.”

“రాయి లెక్క చూసుకొని పడతాదా? ఇవన్నీ బుక్కు మాటలు.” కాగితం మడిచి నా చేతిలోనే పెట్టాడు. ఎస్సై “ఆయ్తు, హోగమ్మా” అన్నాడు. అయిపోయింది, పో అని.

ఆ సాయంత్రం ఉరుకుందప్ప మనిషి మా ఇంటికి ఒక పాలిచ్చే ఎనుమును తోలుకొని వచ్చాడు. “అన్న పంపినాడు. ఇంట్లో మొగదిక్కు లేదు, పాలు అమ్ముకొని బతకమన్యాడు” అన్నాడు. దాని మెడలో పూలదండ కూడా ఉంది. మా అత్త దాని తాడు విప్పి వీధిలోకి తరిమింది. నేను గడపలో నిలబడి చూశాను. మౌనేశ్‌కు బదులు ఎనుము. ఆ మాట నా లోపల ఇంకా నడుస్తూనే ఉంది.

సారూ, నాకు న్యాయం వద్దు. న్యాయం అన్న మాట వాళ్ళ నోళ్ళలో నానిపోయింది. వానికి తగలాలి. అంతే.

నేత్రావతి


కంప్లి,
8 జూలై

అమ్మా నేత్రావతీ,

నీ కొలతలు చూశాను. ఏ కోర్టులోనైనా చెల్లుతాయి. గుంత, గాట్లు మాసిపోకముందే ఫోటోలు తీయించు, పక్కన టేపు కనిపించాలి. బళ్ళారిలో నా దగ్గర చదివిన సవిత అని లాయరు ఉంది. ఆమెకు ఉత్తరం రాశాను. ఎస్సై పైన అధికారి ఉంటాడు, అతని పైన కోర్టు ఉంటుంది. సాక్ష్యానికి నేనే వస్తాను. చెవులు లేకపోతే ఏం, నోరుంది.

ఆ చివరి మాట మాత్రం నాకు నచ్చలేదు. అన్నం తింటున్నావా?

గురుస్వామి


రూపనగుడి,
20 ఆగస్టు

గురుస్వామి సారుకు,

నమస్కారాలు. నేను బాగున్నాను. అన్నం తింటున్నాను. సవితక్క అర్జీ వేసింది. పై అధికారి దాన్ని మళ్ళీ అదే ఎస్సైకి పంపాడు. అదే జవాబు వచ్చింది. కోర్టులో వేద్దామని అక్క అంటోంది. సరే అన్నాను.

ఇంకో చిన్న సంగతి. పక్కింటి సుంకలమ్మ కూతురు అడుగుతోంది. జాతరలో ఊరేగింపు బండి మన బైపాస్ మీద, వంతెన కింది నుంచి పోతుందట. ఊరి బాట వంతెన మీదుగా పోతుంది కదా, ఆ వంతెన మీద నిలబడి బండి మీద పూలు వేయాలట. చేతి నుంచి బండి అద్దం దాకా ఐదు మీటర్లు. బండి వేగం గంటకు నలభై. బండి వంతెనకు ఎంత దూరంలో ఉన్నప్పుడు పూలు వదలాలి?

తీరిక చూసుకొని రాయండి. తొందరేమీ లేదు.

నేత్రావతి


కంప్లి,
25 ఆగస్టు

అమ్మా నేత్రావతీ,

పూలు గాలికి తేలతాయి, వాటికి లెక్క చెప్పలేం. బరువున్న వస్తువైతే బండి ఆరు మీటర్ల దూరంలో ఉన్నప్పుడు వదలాలి.

సుంకలమ్మ కూతురికి నా ఆశీస్సులు. ఏ తరగతి?

నాకు కంటి ఆపరేషన్ అయింది. వచ్చే నెల దాకా ప్రయాణం వద్దన్నారు. లేకపోతే ఒకసారి వచ్చి నిన్ను చూసేవాణ్ణి. నువ్వే రావచ్చు కదా? నాలుగు రోజులు ఏటి గాలికి ఉండి పోదువు.

గురుస్వామి


రూపనగుడి,
10 సెప్టెంబరు

సారూ,

మీరు నాకు అబద్ధం చెప్పారు.

ఏదైనా నమ్మేముందు చేసి చూడమని మీరే నేర్పారు. ఆరు మీటర్ల దగ్గర రోడ్డు పక్క సున్నంతో గుర్తు పెట్టుకొని, వంతెన మీద నుంచి టిప్పర్ల మీదికి తడిమట్టి ముద్దలు వదిలాను. మూడు రోజులు, పదకొండు ముద్దలు. ఒక్కటీ అద్దం మీద పడలేదు. అన్నీ వెనక ఇనుపరాళ్ళ లోడు మీదే పడ్డాయి. డ్రైవర్లకు తెలియను కూడా తెలియలేదు. మొదట నా చెయ్యి తప్పనుకున్నాను. తర్వాత కూర్చొని నేనే లెక్క కట్టాను. పదో తరగతి లెక్క. మీరు ఈ జన్మలో తప్పు చేయని లెక్క.

ఎస్సై అబద్ధం చెప్పాడు. ఉరుకుందప్ప చెప్పాడు. తాగినాడని రాసినవాళ్ళు చెప్పారు. వాళ్ళు చెప్పినప్పుడు నాకు ఆశ్చర్యం వేయలేదు. రాయి ఎటు పడుతుందో నిజం చెప్పే మనిషి ఈ జిల్లాలో ఒక్కడున్నాడు అనుకొని బతికాను. మీ మొదటి ఉత్తరం దిండు కింద పెట్టుకొని పడుకున్నాను.

ఇంక దాచను. ప్రతి గురువారం పొద్దున పది గంటలకు ఉరుకుందప్ప తన మొదటి టిప్పర్‌లో డ్రైవర్ పక్కన కూర్చొని తూకం కాటా దగ్గరికి పోతాడు. వంతెన కింది నుంచే. మూడు గురువారాలుగా చూస్తున్నాను. సరైన దూరం ఇప్పుడు నాకు తెలుసు. గుర్తు మార్చాను. రాయి ఏరిపెట్టుకున్నాను. వాళ్ళ బండ్ల నుంచి పడినదే, రోడ్డు పక్కనే దొరికింది. ఎల్లుండి గురువారం.

ఇది మీకు చేరేలోపు అయిపోయి ఉంటుందని తెలిసే రాస్తున్నాను. మీకు తెలియాలని.

నేత్రావతి


కంప్లి,
11 సెప్టెంబరు

తల్లీ,

నీ ఉత్తరం వెంటనే చేరింది. అంబికను ఇప్పుడే బస్సెక్కిస్తున్నాను. ఇది ఆమె చేతి నుంచే తీసుకో. ఆమె చదవలేదు.

అవును, అబద్ధం చెప్పాను. పూల ఊరేగింపు గంటకు నలభై కిలోమీటర్లు పోదమ్మా. ఆ వాక్యం చదవగానే తెలిసింది. కాదంటే ఇంకొకర్ని అడుగుతావు, లేదా నువ్వే కట్టుకుంటావు. అందుకని రాయి రాళ్ళ మీదే పడేట్టు ఒక అంకె వెతికి రాశాను. ముప్పై ఆరేళ్ళు పాఠం చెప్పాను, తెలిసి తప్పు చెప్పడం అదే మొదటిసారి. నువ్వు చేసి చూస్తావని నాకు తట్టకపోవడం ఇంకో తప్పు. నిన్ను తక్కువ అంచనా వేశాను. రెండింటికీ క్షమించమని అడగను. నీకు కోపం ఉండాల్సిందే.

ఇక మీదట నీకు అబద్ధం రాయను. నువ్వు కట్టిన లెక్క సరైనదే అయి ఉంటుంది. రాయి అద్దం పగలగొట్టి లోపలికి పోతుంది. వాడు చస్తాడో లేదో తెలియదు, దెబ్బ మాత్రం తగులుతుంది. దానికి తగిన పని వాడు చేశాడు. వాడి కోసం నేను ఒక్క ముక్క కూడా రాయడం లేదు.

కానీ నువ్వు సగం లెక్కే కట్టావు. రాయి దగ్గర ఆపేశావు. రాయి తగిలాక టిప్పర్ ఏమవుతుంది? డ్రైవర్ చేతులు స్టీరింగ్ మీద ఉండవు, కాలు బ్రేకు మీద ఉండదు. ముప్పై టన్నుల బండి. దానికీ అదే సూత్రం. వదిలిన రాయి ముందుకు పోయినట్టే అదీ ముందుకు పోతుంది. డెబ్బై, ఎనభై మీటర్లు. ఆ ఎనభై మీటర్లలో ఎవరుంటారో నువ్వు కొలవలేదు. పొద్దున పది గంటలకు ఆ రోడ్డు మీద బైకు మీద పోయేవాళ్ళు ఎందరో నాకన్నా నీకే తెలుసు.

మౌనేశ్ టిప్పర్ వెనక ఉన్నాడు. రేపు ఎవరైనా టిప్పర్ ముందు ఉంటారు.

వంతెన మీదికి పోవద్దని చెప్పను. చెప్పినా వినవు. రాయి పట్టుకున్నాక టిప్పర్‌ను చూడొద్దు, టిప్పర్ ముందు రోడ్డు చూడు. చూశాక నీ ఇష్టం.

గురుస్వామి


రూపనగుడి,
6 అక్టోబరు

గురుస్వామి సారుకు,

నేను జైలుకు పోలేదని అంబికక్క మీకు చెప్పే ఉంటుంది. మిగతాది నేనే రాయాలని ఆమెను చెప్పవద్దన్నాను. ఇన్నాళ్ళు ఆలస్యం చేసింది కోపంతోనే.

అక్క బుధవారం చీకటి పడేముందు వచ్చింది. ఉత్తరం చదివాను. మీ మీద కోపంతో దాన్ని పొయ్యిలో పెట్టబోయి పెట్టలేదు. గురువారం తొమ్మిదిన్నరకు వంతెన మీద ఉన్నాను. రాయి కొంగులో ఉంది. ఎండకు ఇనుము కాలి పొట్టకు చురుకు పెడుతోంది.

పది దాటాక టిప్పర్ కనిపించింది. ఎడమ పక్క ఉరుకుందప్ప, తెల్ల చొక్కా. రాయి రెండు చేతులతో పిట్టగోడ అవతలికి పట్టుకున్నాను. టిప్పర్ సున్నం గుర్తుకు వస్తోంది. మీరు రాసింది గుర్తుకొచ్చి మీ మీద పళ్ళు కొరుక్కుంటూ రోడ్డు చూశాను. టిప్పర్ ముందు ఒక బైకు. నడిపేవాడు ఎవరో తెలియదు. వెనక ఒక ఆడమనిషి, రెండు చేతుల్లో పెద్ద స్టీలు క్యారియర్ పట్టుకొని, మొగుడి వీపుకు తల ఆనించి నిద్రపోతోంది.

రాయి వదలలేదు సారూ. జాలి కాదు. ఆ ఆడమనిషి నా మాదిరి కావడం నాకు ఇష్టం లేక.

టిప్పర్ నా కాళ్ళ కింది నుంచి పోయింది. అప్పుడు మెట్లు దిగాను. కాటా అక్కడికి దగ్గరే. వరుసలో పదిహేను బండ్లు. ఉరుకుందప్ప టీ అంగడి బెంచీ మీద కూర్చొని ఉన్నాడు. చుట్టూ డ్రైవర్లు. నేను పోయి రాయి తీసి ఆయన ఒళ్ళో పెట్టాను. టీ గ్లాసు జారి పగిలింది.

“ఏందమ్మా ఇది?”

“బరువు చూడప్పా.”

“గలాటా చేయనీకె వచ్చినావా?”

“కాదు. నాలుగు గురువారాల నుంచి ఆ వంతెన మీద నీ నెత్తిన నిలబడుకోనుండా. నువ్వు ఎన్ని గంటలకు వస్తావో తెలుసు. ఏ పక్క కూచుంటావో తెలుసు. బండి యాడికొస్తే రాయి ఇడవాల్నో లెక్క కట్టినా. ఇంతకు ముందే దీన్ని చేతుల్లో పట్టుకోనుంటి, నీ బండి కిందనే పాయ. నేను ఇడవలా కాబట్టి నువ్వు ఈడ టీ తాగుతాండావు.”

ఆయన వంతెన వైపు చూశాడు. కాటా దగ్గర నుంచి అది బాగా కనిపిస్తుంది. ముఖంలో రంగు ఎట్లా దిగిపోతుందో నేను దగ్గరగా నిలబడి చూశాను సారూ. తృప్తిగా చూశాను. దాచడం ఎందుకు.

“పోలీసులకు చెప్తా” అన్నాడు.

“చెప్పు. బుక్కు మాటలు అంటివి గదా? రాయి లెక్క చూసుకొని పడదంటివి. మరి యాల భయపడతావు?”

ఆయన రాయి పక్కన పెట్టబోయాడు, అది జారి కాళ్ళ దగ్గర పడింది. ఎవరూ వంగి తీయలేదు.

నేను తిరిగి నడుస్తుంటే డ్రైవర్ హులిగప్ప వెంట వచ్చాడు. మార్చిలో ఆ బండి నడిపింది ఇతనే. “అక్కా, నువ్వు ఇడిచింటే నేనూ పోతాంటి” అన్నాడు. అవునన్నాను. అతను రోడ్డు మీదే నిలబడి చెప్పాడు: “ఆ పొద్దు అద్దంలో చూసినా అక్కా. రాయి పడిందీ చూసినా, అన్న పడిందీ చూసినా. బండి స్లో చేసి ఓనర్‌కు ఫోన్ చేస్తి. నిలపొద్దు, పోతానే ఉండు అన్యాడు. టార్పాలిన్ కట్టనీకె టైము లేదన్నదీ ఆయప్పే.”

“ఇది కోర్టులో చెప్తావా?” అన్నాను.

“పని పోతాది.”

“నా మొగుడే పోయినాడు.”

అతన్ని అక్కడే వదిలి నడిచాను. నాలుగో రోజు అతనే పెళ్ళాన్ని వెంటబెట్టుకొని బళ్ళారిలో సవితక్క దగ్గరికి పోయాడు. ఫోన్ చేసిన వేళ, మాట్లాడిన సేపు ఫోన్ కంపెనీ రికార్డులో దొరికింది. కోర్టు మళ్ళీ విచారించమంది, వేరే అధికారి చేత. మీ సాక్ష్యం వచ్చే నెల పద్దెనిమిదిన. కళ్ళు బాగైతే రండి. మా అత్త మీకోసం జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి చేస్తానంటోంది.

మీరు అబద్ధం చెప్పినందుకు నా కోపం పోలేదు. చివరి ఉత్తరంలో నిజం రాశారు కాబట్టి మీకు రాస్తున్నాను. వాడి మీద కోపం కూడా పోలేదు. పోవాలని నేను కోరుకోవడం లేదు. వాడు బోనులో నిలబడాలి, మూడు గాట్లూ ఒకటొకటిగా మీరు చదువుతుంటే వినాలి.

ఇంకొకటి హులిగప్ప చెప్పాడు. ఉరుకుందప్ప ఇప్పుడు వంతెనకు ఇవతలే బండి ఆపిస్తున్నాడట. దిగి, పైకి చూసి, ఎవరూ లేరని తేల్చుకొని, ఎండలో నడిచి వంతెన దాటి అవతల ఎక్కుతున్నాడట. ప్రతి గురువారం. ఒక్కోసారి మళ్ళీ వెనక్కి వచ్చి ఇంకోసారి చూస్తాడట.

నేను ఆ రోజు నుంచి వంతెన మీదికి పోలేదు. పోవాల్సిన పని లేదు.

మీ విద్యార్థిని,
నేత్రావతి